పాత నొప్పికి ఆక్యుపంక్చరా, ఫిజియోథెరపీనా, మాత్రలా, ఆపరేషనా? తిరుపతి, చిత్తూరు వాసుల కోసం ఒక పోలిక

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏళ్ల తరబడి నొప్పితో తిరుగుతున్న మనిషికి వైద్యం కరువు లేదు. ఎముకలు, కీళ్ల కోసం టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. స్విమ్స్ ఉంది, రుయా ఉంది, ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. పుత్తూరు వెళ్తే విరిగిన ఎముకకు కట్టు కడతారు. చిత్తూరు నుంచి గంటసేపు ప్రయాణం చేస్తే వేలూరు సీఎంసీ. వీటికి తోడు వీధికొక ఫిజియోథెరపీ సెంటరు, అక్కడక్కడా సన్నటి సూదులు గుచ్చి వైద్యం చేసే ఆక్యుపంక్చర్ క్లినిక్కులు. ఇన్ని దారులున్నప్పుడు మనవాళ్లు సాధారణంగా చేసేది, ఎవరికి ఎక్కడ తగ్గిందని వింటే అక్కడికి వెళ్లడం. పక్కింటావిడ మోకాలికి సూదులు పనిచేశాయని తన భుజానికి వేయించుకునేవారు, బావమరిది నడుముకు బెల్టు పెట్టుకున్నాడని తామూ కొనుక్కునేవారు ఎందరో. నెలలు గడుస్తాయి, డబ్బు ఖర్చవుతుంది, ఈలోగా కీలు ఇంకాస్త బిగుస్తుంది. చూస్తే బాధ కలుగుతుంది. ఎందుకంటే వీటిలో చాలావరకు మంచి వైద్యాలే. తప్పు జబ్బుకు, తప్పు వరుసలో వాడటం వల్లే వృథా అవుతున్నాయి.

ఈ వ్యాసం ప్రధానంగా ఆక్యుపంక్చర్ గురించి. అది ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు, మిగతా వైద్యాల పక్కన దాని స్థానం ఎక్కడ అన్నదే విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ వైద్యం గొప్పదని అడిగే ముందు, కదలిక ఎందుకు ఆగిందో తెలుసుకోవాలి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్లే.

కదలికను ఆపుతున్నది నొప్పా, కీలా?

చెయ్యి పైకి ఎత్తలేకపోతున్నారనుకోండి. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒళ్లు వదిలేసి, ఇంట్లో ఎవరినైనా ఆ చేతిని నెమ్మదిగా పైకి ఎత్తమనండి. తర్వాత మోచేతిని పక్కటెముకలకు ఆనించి ఉంచి, ముంజేతిని బయటి వైపు తిప్పమనండి. బలవంతం చేయకూడదు. మీరు ఎత్తలేని చేతిని వాళ్లు ఎత్తితే పైదాకా వెళ్తోందంటే కీలు తెరుచుకునే ఉంది. నొప్పో, కండరాల బలహీనతో, స్నాయువు చిరగడమో మిమ్మల్ని ఆపుతోంది. వాళ్లు ఎత్తినా ఒకే చోట గట్టిగా ఆగిపోతోందంటే, ముఖ్యంగా బయటి వైపు తిరగడం లేదంటే, కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోయి ఉండవచ్చు. దాన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. షుగరు ఉన్నవారిలో ఇది మామూలు జనంలో కంటే బాగా ఎక్కువ. కొన్ని నెలలు తీవ్రమైన నొప్పి, తర్వాత బిగువు, ఆ తర్వాత నెమ్మదిగా వదలడం, మొత్తం మీద ఏడాది నుంచి మూడేళ్ల దాకా సాగుతుంది.

మోకాలి సంగతీ అంతే. నొప్పికి భయపడి మడవకపోవడం వేరు, లోపల నీరు చేరి మడవలేకపోవడం వేరు, అరుగుదల ముదిరి ఎముక అంచులు పెరిగి మడవనీయకపోవడం వేరు. నడుస్తూ ఉండగా మోకాలు ఉన్నట్టుండి ఇరుక్కుపోయి, కాసేపటికి వదులుతూ ఉంటే, లోపల మెత్తలా ఉండే మృదులాస్థి చిరిగి ఉండవచ్చు. అలాంటి మోకాలిని ముందు ఎముకల డాక్టరుకే చూపించాలి.

నడుము విషయంలో చాలామంది దాటేసే ప్రశ్న ఒకటుంది. పొద్దున లేవగానే నడుము ఎంతసేపు పట్టేసి ఉంటోంది? నలభై ఏళ్లలోపు మొదలై, నెలల తరబడి ఉంటూ, పొద్దున అరగంటకు మించి బిగుసుకుని, విశ్రాంతి తీసుకుంటే పెరిగి, నడిస్తే తగ్గే నడుము నొప్పి మామూలు కండరాల నొప్పి కాకపోవచ్చు. వెన్నెముక కీళ్లవాతం అలాగే మొదలవుతుంది. దానికి సరైన మందులున్నాయి. సూదులతో, తైలాలతో ఏళ్లు గడిపేస్తే వెన్ను వంగిపోయే ప్రమాదం ఉంది. ఇలాంటి లక్షణాలున్న కుర్రవాళ్లను రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతాల డాక్టరు, దగ్గరికి పంపించమని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక ఏ వైద్యాన్నీ బేరీజు వేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మల మూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరి పట్టడం, కాలు బలం తగ్గి పాదం ఎత్తలేకపోవడం కనిపిస్తే అదే రోజు వెళ్లాలి. రాత్రివేళ జ్వరం, చెమటలు, బరువు తగ్గడంతో కూడిన వెన్నునొప్పి మన దేశంలో క్షయ వల్ల కూడా వస్తుంది. గతంలో క్యాన్సర్ ఉన్నవారికి కొత్తగా వచ్చిన ఎముక నొప్పి, పడిన తర్వాత వచ్చిన నొప్పి, ఎర్రబడి వేడిగా వాచిన కీలు కూడా ఈ జాబితాలోనివే.

ఆక్యుపంక్చర్ ఏం చేస్తుంది?

ఈ సూదిలో మందు ఉండదు. పావు మిల్లీమీటరు మందం చుట్టుపక్కల ఉండే స్టీలు సూదులను ఎంచుకున్న బిందువుల్లో గుచ్చి, సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. తర్వాత లోపల బరువుగా, మొద్దుగా, లాగుతున్నట్లు ఉంటుంది. కొన్నిచోట్ల సూదులకు సన్నటి తీగలు తగిలించి స్వల్పంగా విద్యుత్తు పంపుతారు. చైనా సంప్రదాయం దీన్ని ప్రాణశక్తి ప్రవాహంగా వివరిస్తుంది. ప్రయోగశాలల్లో కనిపించింది ఏమిటంటే, సూది నరాలను ప్రేరేపించినప్పుడు శరీరం తన సొంత నొప్పి నివారిణులైన ఎండార్ఫిన్లను విడుదల చేస్తుంది. 2010లో చిట్టెలుకల మీద చేసిన ప్రయోగంలో, గుచ్చిన చోట అడినోసిన్ అనే పదార్థం పెరిగి నొప్పి సంకేతాలను తగ్గించినట్లు తేలింది.

మనుషుల్లో ఎంతవరకు పనిచేస్తుంది? 2018లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ 39 పరీక్షల్లో పాల్గొన్న 20,827 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. నడుము, మెడ, భుజం నొప్పులు, మోకాలి అరుగుదల, పాత తలనొప్పి ఉన్నవారు వాళ్లు. సూదులు వేయించుకున్నవారికి, వేయించుకోనివారి కంటే నొప్పి స్పష్టంగా తగ్గింది. ఏడాది తర్వాత కూడా ఆ లాభంలో దాదాపు 85 శాతం మిగిలింది. అయితే అదే విశ్లేషణలో, ఉత్తుత్తి సూదులు వేయించుకున్నవారితో పోలిస్తే అసలు సూదుల ఆధిక్యం చిన్నదే.

దీన్ని ఇంకా తేటగా చూపింది జర్మనీలో జరిగి 2007లో వెలువడిన నడుము నొప్పి పరీక్ష. 1,162 మందిని మూడు జట్లుగా చేశారు. ఆరు నెలలకు, శాస్త్రోక్తంగా సూదులు వేసిన జట్టులో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. బిందువులు కాని చోట పైపైన గుచ్చిన జట్టులో 44.2 శాతం. మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామంతో కూడిన మామూలు వైద్యం పొందిన జట్టులో 27.4 శాతం. ఈ అంకెలను కొందరు ‘సూదులంతా నమ్మకమే’ అని చదువుతారు, మరికొందరు ‘మామూలు వైద్యాన్ని మించిపోయింది’ అని చదువుతారు. నాకు రెండింటిలోనూ నిజం కనిపిస్తుంది. నొప్పితో అలసిపోయిన మనిషిని పడుకోబెట్టి, శ్రద్ధగా చూసి, చేత్తో తాకి, నరాలను సున్నితంగా ప్రేరేపిస్తే మేలు జరుగుతోంది. ఆ మేలు ఫలానా రహస్య బిందువు మీద ఆధారపడినట్లు మాత్రం కనిపించదు. కాబట్టి ‘మా గురువుగారి దగ్గర మాత్రమే ఉన్న బిందువులు’ అని చెప్పి రెట్టింపు తీసుకునేవారికి ఇవ్వాల్సిన అవసరం లేదు.

వైద్య సంస్థలు కూడా ఒక్క మాట మీద లేవు. బ్రిటన్‌లో మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి, 2022లో కీళ్ల అరుగుదలకు ఆక్యుపంక్చర్ ఇవ్వవద్దని చెప్పింది. అదే సంస్థ 2021లో, వేరే కారణం కనిపించని దీర్ఘకాలిక నొప్పికి ఒక విడత ఇచ్చి చూడవచ్చని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతో పాటు సూది చికిత్సకూ చోటిచ్చింది. అమెరికాలో వృద్ధులకు వర్తించే మెడికేర్ బీమా 2020 నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగుల దాకా డబ్బు చెల్లిస్తోంది. గుణం కనిపిస్తే మరో 8, కనిపించకపోతే ఆపేయాలి. ఆ చివరి నిబంధన నాకు బాగా నచ్చింది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఒక విషయం గమనించండి. ఈ పరీక్షలు ప్రధానంగా కొలిచింది నొప్పిని, రోజువారీ పనుల్లో ఇబ్బందిని. బిగుసుకుపోయిన కీలు సూదులతో ఎన్ని డిగ్రీలు తెరుచుకుంటుందనడానికి ఆధారాలు చాలా పలచన. అందుకే మొదటి ప్రశ్న అంత ముఖ్యం. కదలికను ఆపుతున్నది నొప్పే అయితే, నొప్పి తగ్గించే సూది కదలికను కూడా తిరిగి ఇవ్వగలదు. ఆపుతున్నది కీలే అయితే, సూది ఒంటరిగా ఆ పని చేయలేదు.

ఫిజియోథెరపీతో పోల్చి చూస్తే

ఈ రెండింటినీ పోటీదారులుగా చూడటమే పొరపాటు అంటాను. సూది ఇచ్చేది వాన తర్వాత నేలకు వచ్చే పదును లాంటిది, దుక్కి దున్నాల్సింది వ్యాయామం. పదును ఆరిపోయేదాకా గట్టు మీద కూర్చున్న రైతుకు ఆ వాన పనికిరాదు. సిట్టింగు తర్వాత కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో నొప్పి తగ్గి ఉంటుంది. ఆ సమయంలోనే కీలును కదిలించాలి, కండరాన్ని పని చేయించాలి. సూదులు వేయించుకుని ఇంటికొచ్చి పడుకునేవారికి మళ్లీ అదే నొప్పి, మళ్లీ అదే క్లినిక్కు.

అయితే ఫిజియోథెరపీ అంటే మనకు దొరుకుతున్నది ఏమిటో కూడా చూడాలి. చాలా సెంటర్లలో మిషను తగిలించి పదిహేను నిమిషాలు పడుకోబెట్టి పంపేస్తారు. హాయిగానే ఉంటుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే 2023 పత్రంలో దీర్ఘకాలిక నడుము నొప్పికి అల్ట్రాసౌండ్ మిషను, నడుమును లాగి ఉంచే ట్రాక్షన్, నడుము బెల్టులు మామూలుగా వాడవద్దని చెప్పింది. అసలైన ఫిజియోథెరపీ చేయించే మనిషి మీ చేత చెమటలు పట్టిస్తాడు, ఇంటి దగ్గర చేయాల్సినవి రాసిస్తాడు, తర్వాతిసారి వచ్చినప్పుడు చేశారా అని అడుగుతాడు. మిషను మీద మాత్రమే నడిచే సెంటరుకూ ఆక్యుపంక్చర్ క్లినిక్కుకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను మూడో చోటు వెతుక్కుంటాను.

ఒకే ఒక్కదానికి డబ్బు, సమయం ఉన్నాయి, ఏదో ఒకటే చేయగలమంటే? వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు. సందేహం లేదు. నేర్చుకున్నది జీవితాంతం ఇంట్లో ఉచితంగా చేసుకోవచ్చు. కానీ నొప్పి వల్ల వ్యాయామం మొదలుపెట్టడమే సాధ్యం కానివారు, మాత్రలు పడనివారు, ఇప్పటికే ప్రయత్నించి మధ్యలో మానేసినవారు ఉంటారు. ఆక్యుపంక్చర్ నిజంగా అక్కరకొచ్చేది వాళ్లకే.

మా బంధువుల్లో ఒక పెద్దమ్మకు షుగరు వల్ల భుజం బిగుసుకుపోయింది. రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. సూదులతో ఆమె నిద్రపోగలిగింది, అది చిన్న మేలు కాదు. చెయ్యి మాత్రం జడ వేసుకునేంత పైకి లేవలేదు. తర్వాత కీలులో ఇంజెక్షన్ వేయించుకుని, గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం రోజూ చేశాకే లేచింది. బిగుసుకున్న భుజం విషయంలో బ్రిటన్‌లో 503 మంది మీద జరిపి 2020లో ప్రచురించిన పరీక్ష చెప్పుకోదగ్గది. మత్తు ఇచ్చి చెయ్యి తిప్పడం, కీహోల్ ఆపరేషను, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కలిపిన ఫిజియోథెరపీ, ఈ మూడింటిలో ఏదీ మిగతావాటిని చెప్పుకోదగ్గంతగా మించలేదు. అంటే మొదట ఇంజెక్షన్, ఫిజియోథెరపీ ప్రయత్నించడంలో నష్టపోయేది ఏమీ లేదు. షుగరు ఉన్నవారికి ఆ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, రోజూ పరీక్షించుకోవాలి.

మాత్రలు

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు నాలుగు రోజులకు మంచివే. నెలల తరబడి మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవడమే ప్రమాదం. కడుపులో పుండ్లు, రక్తస్రావం, బీపీ పెరగడం, కిడ్నీలు దెబ్బతినడం వీటి వల్ల జరుగుతాయి. షుగరు, బీపీ ఉన్న అరవై ఏళ్ల మనిషికి ఆక్యుపంక్చర్ మొదటి లాభం ఇక్కడే కనిపిస్తుంది. సరైన చేతిలో దాని ప్రమాదం చాలా తక్కువ. జర్మనీలో 2,29,230 మంది రోగులను గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 8.6 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. ఎక్కువగా చిన్నపాటి రక్తం, కమిలిన మచ్చ, నొప్పి. ఊపిరితిత్తి పక్కన గాలి చేరే పెద్ద ప్రమాదం ఇద్దరికే జరిగింది. మోకాలికైతే పైపూతగా రాసే డైక్లోఫెనాక్ జెల్ మాత్రల కంటే సురక్షితం. సంతల్లో, బస్టాండ్ల దగ్గర అమ్మే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి ఉండే ప్రమాదం ఉంది. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గించే పొడిని అనుమానించండి.

ఆయుర్వేదం, పుత్తూరు కట్టు

నడుము మీద పిండితో కట్ట కట్టి గోరువెచ్చని తైలం నిలిపే కటి బస్తి, మోకాలికి చేసే జాను బస్తి, తైల మర్దనం పట్టేసిన కండరాలకు ఎంతో సుఖాన్నిస్తాయి. సూదంటే భయపడేవారికి ఇది మంచి ప్రత్యామ్నాయం. తిరుపతిలో ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉండటం మన అదృష్టం. అర్హత ఉన్న వైద్యుల చేతుల మీదుగా జరుగుతుంది. వీటి తర్వాత కూడా వ్యాయామం చేయాలన్న నియమం మారదు.

పుత్తూరు కట్టు సంగతి వేరు. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు విరిగిన ఎముకను కదలకుండా ఉంచడానికి. దక్షిణాది అంతటి నుంచీ జనం దానికోసం వస్తారు, ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. అయితే పాత నొప్పితో బిగుసుకుంటున్న కీలుకు కావలసింది కదలిక. దాన్ని కట్టి ఉంచితే ఇంకా బిగుస్తుంది. కాబట్టి అరిగిన మోకాలికి, పట్టేసిన భుజానికి కట్టు తగినది కాదు. తాజాగా ఎముక విరిగినప్పుడు కూడా ముందు ఎక్స్‌రే తీయించుకోండి. తుంటి విరిగిన పెద్దవారిని, ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినవారిని, కట్టిన తర్వాత వేళ్లు నీలిరంగుకు మారి తిమ్మిరెక్కినవారిని ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

మోకాలు ముదిరినప్పుడు

‘గుజ్జు అరిగిపోయింది, సూదులతో మళ్లీ పెరుగుతుంది’ అని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి. అరిగిన మృదులాస్థిని ఆక్యుపంక్చర్ పెంచలేదు. తొలి, మధ్య దశల్లో నొప్పి కొంత తగ్గించి, తొడ కండరాల వ్యాయామానికి వీలు కల్పించవచ్చు. నైస్ వద్దన్నా, అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2019లో మోకాలి అరుగుదలకు షరతులతో సరేనంది. నేను తొడ కండరానికీ, బరువు తగ్గడానికీ ముందు చోటిస్తాను. లావుగా ఉన్నవారు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూపారు.

మన ఊళ్లో మోకాలి మాట వస్తే మెట్ల మాట రాక తప్పదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. కృత్రిమ కీలులో అమర్చిన సాధనాలతో కొలిస్తే, మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు దాదాపు మూడున్నర రెట్ల భారం పడుతోంది, ఎక్కేటప్పుడు మూడు రెట్ల పైన. మొక్కు ఉన్నవారిని ఎక్కవద్దని చెప్పే అధికారం నాకు లేదు. మోకాలు వాచి ఉన్న రోజుల్లో వాయిదా వేసుకోండి. ఎక్కినా, దిగడానికి బస్సు ఎక్కండి. నొప్పి తెలియకుండా ఉండాలని ముందు రోజు సూదులు వేయించుకుని ఎక్కడం మాత్రం తగదు. నొప్పి చెప్పే హెచ్చరిక వినపడకుండా చేసి కీలును శిక్షించడమే అవుతుంది.

కాలు వంకరపోయి, రాత్రి నిద్ర లేక, ఇంట్లో నాలుగడుగులకే కూర్చోవాల్సి వస్తూ, ఎక్స్‌రేలో ఎముకకు ఎముక ఆనినట్లు కనిపిస్తుంటే కీలు మార్పిడి గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చింది. ఆపరేషనుకు ముందు మోకాలు ఎంత మడుస్తుందన్నదాని మీదే తర్వాత ఎంత మడుస్తుందన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఏళ్ల తరబడి సూదులతో వాయిదా వేసి, మోకాలు వంగిన చోటే గట్టిపడ్డాక వెళ్తే ఫలితం తగ్గుతుంది. బర్డ్‌లో చూపించుకుని అభిప్రాయం తీసుకోవడమంటే ఆపరేషనుకు ఒప్పుకున్నట్లు కాదు. పక్షవాతం, వెన్నుపూస దెబ్బల తర్వాత కదలిక పోయినవారికైతే పునరావాస వైద్యమే దారి. 1966 నుంచి ప్రత్యేక పునరావాస కేంద్రం ఉన్న వేలూరు సీఎంసీ చిత్తూరు వారికి అందుబాటులో ఉండటం ఎంతో మేలు.

ఎవరి చేత సూదులు వేయించుకోవాలి?

కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా పద్ధతిగా గుర్తించింది. రిజిస్టరైన వైద్యులు, తగిన శిక్షణ పొందినవారు చేయవచ్చని చెప్పింది. పశ్చిమ బెంగాల్ 1996లోనే ప్రత్యేక చట్టం చేసింది, తర్వాత మహారాష్ట్ర చేసింది. కానీ వారాంతపు కోర్సు చేసినవారూ, ఏళ్లు చదివినవారూ ఒకే రకం బోర్డు పెడుతున్న కాలం ఇది. నేనైతే ప్రకృతి వైద్యంలో ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ డిగ్రీ ఉన్నవారికీ, ఎంబీబీఎస్ చదివి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నవారికీ మొదటి చోటిస్తాను. ఎందుకంటే పైన చెప్పిన ప్రమాద లక్షణాలను గుర్తుపట్టే చదువు వారికి ఉంటుంది. కొందరు ఫిజియోథెరపిస్టులు చేసే డ్రై నీడ్లింగ్ కూడా అలాంటి సూదులతోనే, గట్టిపడిన కండరపు ముడిలోకి నేరుగా గుచ్చి చేస్తారు. మెడ, భుజం కండరాల నొప్పికి, అంటే కల్యాణకట్టలో గంటల తరబడి వంగి తలనీలాలు తీసేవారికీ, నగరి మరమగ్గాల దగ్గర నిలబడేవారికీ, నేల మీద కూర్చుని కలంకారీ వేసే శ్రీకాళహస్తి కళాకారులకూ ఉండే నొప్పులకు అది సరిపోవచ్చు.

లోపలికి వెళ్లాక సూదుల పొట్లం మీ ముందే చింపాలి, వాడాక మూత ఉన్న డబ్బాలో వేయాలి. ‘మీ సూదులు మీకే దాచి ఉంచుతాం, మళ్లీ వాడతాం’ అంటే ఒప్పుకోవద్దు. ఒకరి సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అంటుకునే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భిణి అయినా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నవారికి విద్యుత్తు పంపే పద్ధతి వద్దు. షుగరు వల్ల పాదాల స్పర్శ పోయినవారికి పాదాల్లో సూదులు, మూలికలు కాల్చి ఇచ్చే కాపడం ప్రమాదం. పుండు పడినా, కాలినా తెలియదు.

సూది లేకుండా వేలితో ఒక బిందువును తాకి వైద్యం చేసేవారు తమిళనాడులోనూ మన సరిహద్దు ఊళ్లలోనూ ఉన్నారు. నేను పైన చెప్పిన పరీక్షల ఫలితాలు వారికి వర్తించవు. షుగరు, బీపీ మాత్రలు మానేయమని చెప్పేవారి దగ్గరికి, అది ఏ వైద్యమైనా సరే, రెండోసారి వెళ్లకండి.

ఎన్ని సిట్టింగులు, ఎప్పుడు ఆపాలి?

మొదలుపెట్టే ముందు మీకు రాని పని ఒకటి కాగితం మీద రాసుకోండి. పాడి రైతయితే గొంతుక్కూర్చుని ఒక ఆవు పాలు పూర్తిగా పితకడం, ఘాట్ రోడ్డు డ్రైవరయితే మెడ తిప్పి వెనక్కి చూడటం, అమ్మగారయితే పై అరలోని డబ్బా దించడం. నొప్పి పదికి ఎంత అన్నది రోజుకో రకంగా ఉంటుంది. పని మాత్రం అయితే అయింది, లేకపోతే లేదు. వారానికి ఒకటి లేదా రెండు చొప్పున ఆరు సిట్టింగుల తర్వాత ఆ కాగితం తీసి చూడండి. పనిలో ఏ మార్పూ లేకపోతే, పైన చెప్పిన మెడికేర్ నిబంధనలో లాగే ఆపేసి, వేరే దారి చూడండి. కొంత మెరుగైతే పది, పన్నెండు దాకా కొనసాగించి, తర్వాత విరామం పెంచుతూ మానేయండి.

ఖర్చు లెక్కలో సిట్టింగు ఫీజు ఒక్కటే వేసుకోవద్దు. ఉదాహరణకు ఫీజు 400 రూపాయలు, రానూపోనూ 100, పోయిన కూలి 500 అనుకుంటే పది సిట్టింగులకు 10,000 రూపాయలు. పలమనేరు నుంచో సత్యవేడు నుంచో వారానికి రెండుసార్లు తిరుపతి రావాల్సినవారికి ఆ డబ్బుతో దగ్గరలోని ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకోవడమే లాభం. రానూపోనూ బస్సులో కూర్చోవడం వల్ల పెరిగే నడుము నొప్పి దీనికి అదనం. తిరుపతిలోనే ఉండి, నడిచి వెళ్లగల దూరంలో మంచి క్లినిక్కు ఉంటే లెక్క మారుతుంది. బీమా మీద ఆశ పెట్టుకునేవారు ముందే కంపెనీని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆయుష్ వైద్యాలకు వర్తించే పాలసీలో ఆక్యుపంక్చర్ ఉంటుందని అనుకోవద్దు, ఆ జాబితాలో దాని పేరు లేదు. ఇక ముప్పై సిట్టింగుల ప్యాకేజీకి ముందుగానే డబ్బు కట్టమంటే, ఆరింటికే కడతామని చెప్పండి. దానికి ఒప్పుకోని చోట సూదులు వేయించుకోవద్దు.